నరాల నొప్పి గోళీ: తిన్నాక వేసుకోవాలా, తినకముందా?



ఈ మధ్య మన గ్రూపుకు వస్తున్న వాయిస్ మెసేజీల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినబడుతున్నది. "అన్నా, నరాల గోళీ రోజూ వేసుకుంటున్న. తిన్నాక వేసుకోవాల్నా, పరగడుపున వేసుకోవాల్నా? వంకాయ తినొచ్చా? పొద్దుగాల వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నయి, ఏం చెయ్యాలె?" అడిగినవాళ్ళలో షట్టరింగ్ వాళ్ళున్నారు, స్టీల్ ఫిక్సర్లున్నారు, ఒక క్రేన్ కింద సిగ్నల్ ఇచ్చే తమ్ముడున్నాడు. అందుకే ఈసారి జీతాల సంగతి, వీసాల సంగతి పక్కనపెట్టి దీని గురించే రాస్తున్న.

నేను డాక్టర్‌ని కాదు. సైట్ మీద మనుషులను పని చేయించేవాడిని. కానీ ఈ గోళీ వేసుకున్న మనిషి ఎన్ని గంటలకు నిచ్చెన ఎక్కుతాడో డాక్టర్‌కు తెలియదు, నాకు తెలుసు. అందుకని ఈ రెండు సంగతులనూ కలిపి మాట్లాడుకోవాలి.

ముందు గోళీ ఏందో చూద్దాం. మనోళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది ప్రెగాబాలిన్. 75 ఎంజీ అని ఉంటది. ఊర్ల మెడికల్ షాపులో ఇచ్చేదాంట్లో దానితోపాటు మిథైల్‌కోబాలమిన్ కూడా కలిపి ఉంటది, అది బీ12 విటమిన్. కొంతమందికి గాబాపెంటిన్ ఇస్తారు. షుగర్ వల్ల అరికాళ్ళు మండేవాళ్ళకు, నడుములో డిస్క్ జారి నరం ఒత్తుకుపోయి కాలు కిందిదాకా గుంజేవాళ్ళకు, సర్పి వచ్చి తగ్గినా మంట పోనివాళ్ళకు ఇలాంటివి రాస్తారు. ఇది మామూలు ఒళ్ళునొప్పుల గోళీ కాదు. నొప్పి వచ్చినరోజు ఒకటి వేసుకొని లేనిరోజు మానేసేది అసలే కాదు. డాక్టర్ చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకు వేసుకోవాలి. ఇంకో మాట, ఇది పాడైన నరాన్ని బాగుచెయ్యదు. నరం పంపే నొప్పిని తగ్గిస్తుంది, అంతే. షుగర్ ఉన్నవాళ్ళు షుగర్‌ను అదుపులో పెట్టకుండా ఈ గోళీ మింగుతూ కూర్చుంటే కింద నరాలు పాడవుతూనే ఉంటయి.

ఇప్పుడు తిండి సంగతి. మామూలు ప్రెగాబాలిన్ తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా మొత్తం మీద ఒంట్లోకి వచ్చే మందు దాదాపు అంతే. అన్నం తింటే మందు వృథా అయితదని భయపడి కొందరు కడుపు మాడ్చుకొని వేసుకుంటున్నారు. ఆ అవసరం లేదు. కానీ తేడా ఇంకోచోట ఉన్నది. పరగడుపున వేసుకుంటే గంట, గంటన్నరలోనే మందు రక్తంలో బాగా ఎక్కువకు చేరుతుంది. కడుపునిండా తిని వేసుకుంటే అక్కడికి చేరడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఆ పైకి ఎక్కడం కూడా నాలుగో వంతు, అంతకంటే కొంచెం ఎక్కువే తగ్గుతుంది. ట్యాంకర్ నీళ్ళు ఒక్కసారి గుమ్మరించడానికి, పైపు పెట్టి మెల్లగా వదలడానికి ఉన్న తేడా అనుకోండి. నీళ్ళు అవే.

డాక్టర్‌కు ఇది పెద్ద విషయం అనిపించకపోవచ్చు. పుస్తకంలో తిండితో అయినా, తిండి లేకుండా అయినా వేసుకోవచ్చనే ఉంటది. ఆఫీసులో కూర్చునే మనిషికి అది సరిపోతుంది. మన లెక్క వేరు. ఈ మందు మొదలుపెట్టిన కొత్తలో, డోసు పెంచినప్పుడు కళ్ళు తిరగడం, మబ్బుగా ఉండడం, చూపు మసకబారడం, నడకలో తూలడం ఉంటయి. అవి మందు ఎక్కువగా ఉన్న గంటల్లోనే ఎక్కువ తెలుస్తయి. ఆ గంట మనం ఎక్కడున్నాం అన్నదే ప్రశ్న.

క్యాంపు రోజు ఎట్లుంటదో మీకు నేను చెప్పనక్కర లేదు. తెల్లారగట్ల మూడున్నర, నాలుగుకు లేస్తాం. బాత్రూం దగ్గర లైను. ఒక చాయ్, ఒక రస్క్, కొందరికి అదీ లేదు. గోళీ అప్పుడే గుర్తొస్తుంది, చాయ్‌తో మింగేస్తాం. అయిదింటికి బస్సు. బస్సులో కునుకు పట్టేది నిద్ర తక్కువై అనుకుంటాం, సగం అదే, సగం గోళీ. ఆరింటికి టూల్‌బాక్స్ మీటింగ్, ఆ వెంటనే స్కఫోల్డింగ్ ఎక్కుడు. పరగడుపున నాలుగింటికి వేసుకున్న మందు అయిదు, అయిదున్నరకు బాగా ఎక్కి, ఆరింటికి ఇంకా తలలోనే ఉంటది. డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినేది తొమ్మిదింటికి. అప్పటిదాకా ఖాళీ కడుపు, ఎండ, మందు మూడూ కలిసి పని చేస్తయి.

మరి నాలుగింటికే కడుపునిండా తిని వేసుకుంటే సరిపోతదా? ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మన గ్రూపులో కూడా "తిని వేసుకో తమ్మీ, ఏం కాదు" అని సలహాలు నడిచినయి. లెక్క వేసి చూడండి. తిని వేసుకుంటే మత్తు కొంత తగ్గుతుంది, కడుపులో వికారం కూడా తగ్గొచ్చు. కానీ మందు పైకెక్కే వేళ ఆరున్నర, ఏడింటికి జరుగుతుంది. అంటే సరిగ్గా మీరు పైన ఉన్నప్పుడే. తిండి దెబ్బను మెత్తగా చేస్తుంది, తప్పించదు.

తప్పించే దారి డాక్టర్ చేతిలో ఉన్నది. గోళీ వేసే గంటను మార్చమని అడగాలి. మొదటి రోజుల్లో రాత్రి డోసు మాత్రమే మొదలుపెట్టడం, లేదా రెండుపూటల మందులో పెద్ద భాగం రాత్రికి మార్చడం డాక్టర్లు చేస్తూనే ఉంటారు. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని వేసుకుంటే పదిన్నర, పదకొండుకు మందు బాగా ఎక్కుతుంది. అప్పుడు మనం మంచం మీద ఉంటాం. నరాల మంట రాత్రిపూటే ఎక్కువ ఏడిపిస్తుంది కాబట్టి ఆ వేళకు మందు పనికి కూడా వస్తుంది. సుమారు ఆరు గంటలకొకసారి ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గుతుంది, కాబట్టి తెల్లారి సైటుకు వచ్చేసరికి రాత్రిది దాదాపు సగం దిగిపోయి ఉంటది. అయితే ఈ మార్పు మీ అంతట మీరు చెయ్యొద్దు. పొద్దుటి గోళీ, రాత్రి గోళీ రెండూ కలిపి రాత్రికే మింగితే అది డోసు పెంచినట్టు. నైట్ డ్యూటీ చేసేవాళ్ళకైతే ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. అందుకే డాక్టర్‌కు నొప్పి ఎక్కడో చెప్పడంతో ఆపకండి. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి తింటారు, ఎన్నింటికి ఎత్తు మీదికి ఎక్కుతారు, ఈ మూడూ చెప్పండి. అయిదు నిమిషాల చూపులో ఆయన అడగడు, మనమే చెప్పాలి.

గోళీ పట్టీ మీద పేరు పక్కన ఎస్ఆర్ లేదా సీఆర్ అని ఉంటే అది వేరే రకం. మెల్లగా కరిగే గోళీ. దాన్ని రాత్రి అన్నం తిన్నాకనే వేసుకోవాలి. దీనికి మాత్రం తిండి నిజంగా ముఖ్యం, ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు పూర్తిగా ఒంట్లోకి రాదు. విరిచి, నమిలి మింగొద్దు. అట్ల చేస్తే రాత్రంతా మెల్లగా రావాల్సింది ఒక్కసారి వచ్చి పడుతుంది. "పెద్ద గోళీ, గొంతులో పడుతలేదు" అని సగానికి విరుస్తున్న పెద్దన్నలు గమనించాలి.

గాబాపెంటిన్ వేసుకునేవాళ్ళకు ఇంకో సంగతి. మెస్ కూరలో నూనె, కారం ఎక్కువై కడుపు మండితే మనం వెంటనే జెలుసిల్, డైజీన్ లాంటివి తాగుతాం. వాటిల్లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం ఈ మందును కొంత పట్టుకుంటయి, అయిదో వంతు దాకా తగ్గుతుంది. కడుపు మందు తాగితే రెండు గంటలు ఆగి గాబాపెంటిన్ వేసుకోండి.

ఇక పథ్యం. ఊర్లో అమ్మమ్మలు చెప్పిన వంకాయ, గోంగూర, ఎండుచేపల పథ్యానికి ఈ మందుతో సంబంధం లేదు. పెరుగు, లబన్, ఖుబ్బూస్, చికెన్ ఏవీ దీనికి అడ్డం రావు. ఒకాయన రెండు నెలల నుంచి చారు, అన్నంతోనే గడుపుతున్నానని మెసేజ్ పెట్టిండు. ఎండలో ఇనుము మోసే మనిషి అట్ల ఉంటే కళ్ళు తిరగడానికి గోళీయే అవసరం లేదు. తినండి. కాకపోతే ఈ మందు కొందరికి ఆకలి పెంచుతుంది, బరువు పెరుగుతారు, పాదాలు వాస్తయి. సేఫ్టీ షూ బిగుసుకుపోతున్నదంటే అది ఎండకో, నిలబడి పని చేసినందుకో అనుకొని వదిలెయ్యకుండా డాక్టర్‌కు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్ళు అన్నం కుప్ప కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచుకోవాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళలో కొందరికి బీ12 తగ్గుతుంది, దానితో కూడా తిమ్మిర్లు వస్తయి. ఒకసారి రక్తం పరీక్ష చేయించమని అడగడంలో తప్పులేదు.

ఒక్కపొద్దు ఉండేవాళ్ళు, మాల వేసుకున్న స్వాములు, రంజాన్ ఉపవాసాలుండే మన ముస్లిం అన్నదమ్ములు ముందే డాక్టర్‌తో మాట్లాడి పూటలు సర్దుకోవాలి. రోజాలో ఉన్నవాళ్ళకు ఇఫ్తార్‌లో తిన్నాక ఒకటి, సహర్‌లో ఇంకొకటి అని సర్దొచ్చు, అయితే సహర్‌లో వేసుకున్నది పని మొదలయ్యే వేళకు ఎక్కుతుందని పైన చెప్పిన లెక్క మరవొద్దు. ఉపవాసమని గోళీ మొత్తానికే ఆపడం మాత్రం వద్దు.

నీళ్ళు. ఈ మందును లివర్ అరిగించదు, కిడ్నీల ద్వారానే దాదాపు మొత్తం బయటికి పోతుంది. మన ఎండల్లో నీళ్ళు తక్కువ తాగి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు మన మధ్య ఉన్నారు. కిడ్నీ సరిగ్గా పని చెయ్యకపోతే రోజువారీ డోసే ఒంట్లో పేరుకుపోయి ఎక్కువ డోసు అయితది. క్రియాటినిన్ పరీక్ష చిన్నది, అడిగి చేయించుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు పన్నెండున్నర నుంచి మూడు దాకా ఇక్కడ ఎండ విరామం ఉంటుంది కదా, ఆ రెండున్నర గంటల్లో పడుకునే ముందు నీళ్ళు తాగండి. లేచాక మళ్ళీ తాగండి.

సెలవు ముందు రాత్రి సంగతి కూడా చెప్పాలి, ఎవరికీ నచ్చకపోయినా. మందు తాగి ఈ గోళీ వేసుకోవద్దు. రెండూ మెదడును మబ్బు చేసేవే. కలిస్తే నిద్రలోనే ఊపిరి నెమ్మదించొచ్చు. పక్క రూం వాడు ఇచ్చిన ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందు కూడా ఇదే లెక్క. ఎవరైనా గోళీ వేసుకొని పడుకొని లేపినా లేవకుండా, ఊపిరి గురకగా, అరుదుగా తీస్తుంటే పొద్దున చూద్దాం అనుకోకుండా 998కి ఫోన్ చెయ్యండి. నడుము పట్టిందని నా గోళీ నీకు, నీ గోళీ నాకు అని పంచుకునే దోస్తీ ఈ మందు దగ్గర పనికిరాదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది పార్శిల్. ప్రెగాబాలిన్ మన దేశంలో మెడికల్ షాపులో తేలిగ్గా దొరుకుతుంది. కానీ ఇక్కడ ఎమిరేట్స్‌లో ఇది నియంత్రణలో ఉన్న మందు, సౌదీలో కూడా అంతే. మత్తు కోసం వాడేవాళ్ళు ఉన్నందుకు కట్టుదిట్టం చేశారు. ఊరికి పోయినవాడు వస్తుంటే "మూడు నెలల గోళీలు పట్టుకురా" అని చెప్పడం, అత్తమ్మ పచ్చడి డబ్బాల మధ్యలో పెట్టి పంపడం మనకు మామూలే. ఎయిర్‌పోర్టులో అది పచ్చడి కాదు, కేసు. పట్టుబడేది మందు అవసరమైనవాడు కాదు, పాపం మోసుకొచ్చినవాడు. మీ మందు మీరే తెచ్చుకోవాలన్నా విమానం ఎక్కకముందే ఇక్కడి ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. డాక్టర్ చీటీ, జబ్బు వివరం రాసిన లెటర్ ఉండాలి, మందు కంపెనీ పెట్టెలోనే ఉండాలి. విడి గోళీలు కవర్లో కట్టుకొని రావద్దు. ఇంకొకరి మందు ఎంత దగ్గరివాళ్ళదైనా మోయవద్దు. దీనికంటే సులువైన దారి, ఇన్సూరెన్స్ కార్డుతో ఇక్కడి క్లినిక్‌కు పోయి ఇక్కడి చీటీ మీద ఇక్కడే కొనడం. కార్డు ఇవ్వాల్సింది కంపెనీ. 2025 జనవరి 1 నుంచి షార్జా, అజ్మాన్ వైపు ఎమిరేట్స్‌లో కూడా ప్రైవేటు కార్మికులకు ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది.

గోళీలు అయిపోయాయని ఒక్కసారి ఆపెయ్యడం కూడా ప్రమాదమే. నిద్ర పట్టదు, చెమటలు, తలనొప్పి, వికారం, నొప్పి రెట్టింపుగా తిరిగి వస్తుంది. కనీసం వారం రోజుల మీద డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించి ఆపాలి. కాబట్టి పట్టీలో పది గోళీలు మిగిలినప్పుడే క్లినిక్‌కు పోవాలి. ఒక పూట మరిచిపోతే తర్వాత పూట రెండు వేసుకోవద్దు.

ఇప్పుడు నాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు ఒక మాట. మన గ్రూపులో మీరూ ఉన్నారు, చదువుతున్నారు. కళ్ళు తిరుగుతున్నాయని కిందికి దిగినవాడిని "నాటకం ఆడుతున్నావా" అని తిట్టే అలవాటు మనలో ఉన్నది. ఆ తిట్టు విని రేపటి నుంచి వాడు దిగడు, చెప్పడు, గోళీ మింగి పైకి ఎక్కుతాడు. ఒక సైటులో ఇట్లనే రెండో లిఫ్ట్ మీద తూలిన మనిషిని సేఫ్టీ బెల్ట్ ఆపింది. కొక్కెం తగిలించి ఉండబట్టి ఇవాళ వాడు ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాడు. కొత్తగా ఈ మందు మొదలైన మనిషికి, డోసు పెరిగిన మనిషికి మొదటి రెండు వారాలు కింద పని ఇవ్వడం కష్టమేమీ కాదు. బెండింగ్ యార్డు ఉన్నది, కటింగ్ ఉన్నది, మెటీరియల్ లెక్క ఉన్నది. పది మందిలో ఒక్కడిని అటు పంపితే స్లాబ్ ఆగదు. ఈ రెండు వారాలకు జీతం కోసే కంపెనీ తప్పు చేస్తున్నట్టే అని మన గ్రూపు అభిప్రాయం. ఫోర్క్‌లిఫ్ట్, క్రేన్, బస్సు నడిపేవాళ్ళ విషయంలో అయితే మందు తమకు ఎట్లా పడుతుందో తెలిసేదాకా, డాక్టర్ సరే అనేదాకా స్టీరింగ్ ఇవ్వనే వద్దు.

"చెప్తే క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతారు" అని చాలామంది భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. అప్పు తీరనివాడికి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. కానీ చెప్పే పద్ధతి ఉన్నది. మీటింగులో అందరి ముందు చెప్పాల్సిన పని లేదు. క్లినిక్ నుంచి "ఇన్ని రోజులు ఎత్తు మీద పని వద్దు" అని ఒక కాగితం రాయించుకోండి. అది సైట్ నర్సుకో, సేఫ్టీ ఆఫీసర్‌కో ఇవ్వండి, ఒక ఫోటో మీ ఫోన్లో ఉంచుకోండి. కాగితం మీద ఉన్న మాటను పక్కనపెట్టి పైకి ఎక్కించడానికి ఏ సేఫ్టీ ఆఫీసరైనా వెనకాడుతాడు. పనే చెయ్యలేనంత నొప్పి ఉంటే, ప్రొబేషన్ అయినవాళ్ళకు ఇక్కడి చట్టంలో ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ ఉన్నది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతా 45 రోజులకు జీతం లేదు. మూడు పనిరోజుల లోపల కంపెనీకి చెప్పాలి. కాగితం ఇచ్చినా ఒత్తిడి చేస్తే మన అడ్మిన్లకు చెప్పండి, దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342కి కూడా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

క్లినిక్‌లో హిందీ, మలయాళం డాక్టర్ల ముందు మాట తడబడుతుందని కొందరు చెప్పిండ్రు. పోయేముందు ఒక కాగితం మీద లేచే టైము, తినే టైము, గోళీ టైము, పైకి ఎక్కే టైము అంకెల్లో రాసుకోండి. దానితోపాటు మీరు వేసుకునే మిగతా గోళీలన్నీ, కడుపు మందు కూడా, సంచిలో వేసుకొని పోయి టేబుల్ మీద పెట్టండి. అంకెలు, పట్టీలు ఏ భాష డాక్టర్‌కైనా అర్థమైతయి.

గోళీ పట్టీలు, చీటీల ఫోటోలు గ్రూపులో పెట్టకండి. మీ పేరు, ఎమిరేట్స్ ఐడీ నంబరు అందరికీ కనబడతయి. ఏదైనా అడగాలంటే అడ్మిన్లకు విడిగా పంపండి. వచ్చే సెలవు రోజు సాయంత్రం క్యాంపు మెస్‌లో కూర్చుందాం, మీ టైముల కాగితాలు తెచ్చుకుంటే రాయడం రానివాళ్ళకు మేం రాసిపెడతాం.